కొత్తగా వచ్చినవారే ముందు పలకరించవలసిన ఊరు

ప్రశ్న: మేము నవంబరు మొదట్లో హైదరాబాదు నుంచి జర్మనీలోని స్టుట్‌గార్ట్‌కు వచ్చాము. మావారు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. నేను ఇక్కడికి వచ్చేముందు వరకు బ్యాంకులో పనిచేశాను. మాకు నాలుగేళ్ల పాప. నగరం పడమటి వైపు ఒక పాత భవనంలో మూడో అంతస్తులో అద్దెకుంటున్నాము. కూకట్‌పల్లిలో ఇల్లు మారినప్పుడు సామాను దింపుతుండగానే ఎదురింటివారు కాఫీ పంపారు. ఇక్కడ మీరెవరు, ఏ దేశం నుంచి వచ్చారు అని అడిగిన మనిషి ఇంతవరకు లేడు. ఒక రాత్రి పది దాటాక మిక్సీ వేశానని కింది ఇంటి పెద్దావిడ మా తలుపుకు చీటీ అంటించింది. ఆ తరువాతి వారం మా తలుపు పిడికి చీపురు బొమ్మ ఉన్న బోర్డు వేలాడుతోంది. మెట్లు మేము ఊడ్వాలట. పరాయివాళ్లమని ఈ పని మాకు అప్పగించారనిపించి చాలా ఏడ్చాను. ఆదివారం వీధిలో అలికిడే ఉండదు. తాలింపు వేయాలన్నా భయంగా ఉంది. అమ్మతో ఫోనులో మాత్రం అంతా బాగుందని చెబుతున్నాను. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే బోబ్లింగెన్ వైపు మారిపోదామంటే మావారు ఏ మాటా తేల్చడం లేదు. ఈ చోటు మాకు సరిపడదా? (ఒక సోదరి, స్టుట్‌గార్ట్)

సమాధానం:

అమ్మా,

మిమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా నొప్పించింది ఆ చీపురు బొమ్మ బోర్డు కాబట్టి ముందుగా దాని సంగతి చెబుతాను. అది పరదేశస్థులని మీకు ప్రత్యేకంగా అప్పగించిన పని కాదు. స్టుట్‌గార్ట్ చుట్టుపక్కల స్వాబియా ప్రాంతమంతటా, ఒకే మెట్లదారి మీద ఉన్న కుటుంబాలు ఆ మెట్లను వారానికొకరి చొప్పున వంతులవారీగా శుభ్రం చేసుకునే ఆచారం ఉంది. దానిని కేర్‌వోఖె అంటారు. ఆ వారం వంతు ఎవరిదో వారి తలుపుకు బోర్డు ఉంటుంది. పని ముగించిన తరువాత వారే దానిని పక్క తలుపుకు తగిలిస్తారు. మీ భవనంలో డాక్టరు ఉన్నా, పదవీ విరమణ చేసిన ప్రొఫెసరు ఉన్నా, వారి తలుపుకూ వంతు వచ్చినప్పుడు అదే బోర్డు వేలాడుతుంది. 1492లో, స్టుట్‌గార్ట్ ఉన్న వుర్టెంబెర్గ్ సీమను ఎబర్‌హార్డ్ ప్రభువు ఏలుతున్న కాలంలో, ప్రతి ఇంటివారూ తమ చెత్తను వారం వారం బయటికి చేర్చాలని స్టుట్‌గార్ట్ నగర శాసనం ఆదేశించింది. ఈ ఆచారానికి మూలం అదేనని ఇక్కడివారు చెప్పుకుంటారు. నగరపాలన విధించే నిబంధనగా అది 1980ల చివరలో తొలగిపోయినా, అద్దె ఒప్పందాలలోనూ ప్రతి భవనానికీ ఉండే ఇంటి నియమావళిలోనూ నేటికీ కొనసాగుతోంది.

ఇందులో చిన్న వంతు, పెద్ద వంతు అని రెండు ఉంటాయి. మీ అంతస్తు ముందరి నడవ, అక్కడి నుంచి కింది అంతస్తు వరకు ఉన్న మెట్లు చిన్న వంతు కిందికి వస్తాయి. భవనం ముందరి కాలిబాట, నేలమాళిగకు వెళ్లే మెట్లు, పెరడు పెద్ద వంతు కిందికి వస్తాయి. చలికాలంలో మంచు పడితే పనిదినాలలో సాధారణంగా ఉదయం 7 గంటలకల్లా కాలిబాట మీది మంచును తొలగించి ఉండాలి; ఎవరైనా జారిపడితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వస్తుంది కాబట్టి దీనిని తేలికగా తీసుకోకండి. మీ అద్దె ఒప్పందాన్ని ఒకసారి తీసి చూడండి. శుభ్రం చేసే బాధ్యత అందులో రాసి ఉంటే ఆ పని మీదే. రాసి లేకపోతే, లేదా ఆ పనిని ఒక సంస్థకు అప్పగించి దాని ఖర్చును మీ నెలవారీ చెల్లింపులో కలుపుతూ ఉంటే, ఆ బోర్డు పొరపాటున మీ దాకా వచ్చి ఉంటుంది. మీ వంతు వారంలో మీరు ఊళ్లో ఉండకపోతే ముందుగానే పక్కవారితో వంతు మార్చుకోవచ్చు. అలా అడగడాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు, అడగకుండా వదిలేస్తే మాత్రం చాలాకాలం గుర్తుపెట్టుకుంటారు.

ఒక మాట కొంచెం కటువుగా అనిపించినా చెప్పక తప్పదు. ఆ బోర్డు చూసినప్పుడు మీకు కలిగిన బాధలో కొంత భాగం స్టుట్‌గార్ట్‌లో పుట్టినది కాదు. మన అపార్ట్‌మెంట్లలో మెట్లు ఊడ్చే మనిషికి నెలకు ఇంత అని ఇస్తాము, పండుగకు పాత చీర ఇస్తాము, కుర్చీలో కూర్చోమని మాత్రం అనము. చీపురు చేతికి రావడమంటే స్థాయి దిగిపోవడమే అన్న భావన మనలో అంత లోతుగా నాటుకుపోయింది. మన వాకిలి మనమే ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు వేసుకున్నప్పుడు మాత్రం ఆ అవమానం మనకు తోచదు. ఆ మెట్లదారిని కూడా ఆ భవనంలోని అందరికీ కలిపి ఉన్న ఒకే వాకిలిగా ఇక్కడివారు చూస్తారు. మీ వంతు వచ్చిన శనివారం పగటిపూట, నలుగురూ రాకపోకలు సాగించే వేళలో ఊడ్వండి. రాత్రి ఎవరూ చూడకుండా ఊడ్చేస్తే పని పూర్తవుతుంది కానీ, మెట్ల మీద ఎదురై నిలబడి రెండు మాటలు మాట్లాడే అవకాశం పోతుంది. ఈ భవనాలలో చాలా పరిచయాలు అలాగే మొదలవుతాయి.

ఇక మిమ్మల్ని ఎవరూ పలకరించలేదన్న విషయానికి వద్దాము. మీ ఉత్తరంలో అసలు ముడి ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మన ఊళ్లలో కొత్తగా దిగినవారి దగ్గరికి పాతవారు వెళతారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఇంటిపేరేమిటి అని అడగడం వారి హక్కు, కొంతవరకు వారి బాధ్యత కూడా. జర్మనీలో మర్యాద దీనికి సరిగ్గా ఎదురు దిక్కున నడుస్తుంది. కొత్తగా వచ్చినవారే తలుపు తట్టి తమ పేరు చెప్పుకోవాలి. పాతవారు తమంతట తాము వచ్చి అడగడాన్ని, ఇంకా సర్దుకుంటున్న కుటుంబం మీద చొరవ చేయడంగా ఇక్కడ చాలామంది భావిస్తారు. అందువల్ల వారు మీరు వస్తారని ఎదురుచూస్తూ ఉండిపోతారు, మీరు వారు వస్తారని ఎదురుచూస్తూ ఉండిపోతారు. ఇరువైపులా మర్యాదే పాటిస్తూ, ఎదుటివారికి మర్యాద తెలియదని ఇరువైపులా అనుకుంటూ నెలలు గడిచిపోవడం ఈ రాష్ట్రంలో మనవారి ఇళ్లలో నేను చాలాసార్లు చూశాను.

కాబట్టి మొదటి అడుగు మీరే వేయాలి. శనివారం సాయంత్రం నాలుగైదు గంటల మధ్య మంచి సమయం. ఆదివారం మధ్యాహ్నం గానీ, భోజన వేళల్లో గానీ వెళ్లకండి. పాపను వెంట తీసుకువెళ్లండి. "గూటెన్ టాగ్, వియర్ జిండ్ డీ నోయెన్ నాఖ్‌బార్న్ ఔస్ డేమ్ డ్రిట్టెన్ ష్టోక్" అంటే చాలు. మూడో అంతస్తులోకి కొత్తగా వచ్చినవారమని చెప్పినట్టు. తరువాత మీ ఇంటిపేరు చెప్పండి. ఇక్కడ పెద్దవారు పరిచయం చేసుకునేది ఇంటిపేరుతోనే, తలుపు గంట పక్కన రాసి ఉండేదీ అదే. వారితో మాట్లాడేటప్పుడు మన మీరు వంటి 'జీ' అనే సంబోధననే వాడండి; మన నువ్వు వంటి 'దూ' అని పిలుచుకుందామన్న ప్రతిపాదన వయసులో పెద్దవారి నుంచి రావాలి. చేతిలో ఏదైనా చిన్న తినుబండారం ఉంటే బాగుంటుంది. కొబ్బరి లౌజు గానీ సున్నుండలు గానీ తీసుకువెళ్లవచ్చు. అందులో జీడిపప్పు, నెయ్యి వంటివి ఉన్నట్టు ఒక చీటీ మీద రాసి పెట్టండి, ఎందుకంటే గింజలు పడనివారు, పాల పదార్థాలు తిననివారు ఇక్కడ ఆ విషయాన్ని చాలా జాగ్రత్తగా చూసుకుంటారు.

వారు లోపలికి రమ్మనకపోవచ్చు. గుమ్మం దగ్గర ఐదు నిమిషాలు నిలబెట్టి మాట్లాడి పంపడం ఇక్కడ పూర్తి స్థాయి పరిచయమే. ఇంటికి వచ్చిన మనిషిని కూర్చోమనలేదని మీరు లెక్కలోకి తీసుకోకండి. మరో రోజు కాఫీకి పిలిస్తే, మూడు గంటలకంటే మూడు గంటలకే వెళ్లాలి. వెళ్లినప్పుడు ఒక సంగతి బాగా గుర్తుంచుకోండి. మనకు ఎవరైనా ఏదైనా పెడితే మొదటిసారి వద్దండీ అంటాము, రెండోసారి మొహమాటపడతాము, మూడోసారి తీసుకుంటాము. ఇక్కడ వద్దు అన్న మాటను మొదటిసారే నమ్ముతారు, మళ్లీ అడగరు. ఆకలితో వచ్చి, కేకు ముక్క వద్దని మర్యాదకు అని, ఆ తరువాత వీరికి పెట్టే మనసు లేదని నొచ్చుకున్న మనవారు ఎందరో ఉన్నారు. కావాలంటే కావాలని చెప్పండి.

మెట్ల మీద గానీ, తపాలా పెట్టెల దగ్గర గానీ, చెత్త డబ్బాల దగ్గర గానీ ఎవరు ఎదురైనా ముందుగా గ్రూస్ గొట్ అనో హలో అనో అనండి. దక్షిణ జర్మనీలో గ్రూస్ గొట్ అనేది నిత్య పలకరింపు. బదులుగా వచ్చేది ఒక్క మాటే కావచ్చు, నవ్వు ఉండకపోవచ్చు. తిట్టకపోతే మెచ్చుకున్నట్టే అని స్వాబియావారికి తమ గురించి తాము చెప్పుకునే సామెత ఉంది. వారి ముఖంలో కనిపించే బిగువును మీ మీద అయిష్టంగా చదవకండి, తమలో తాము కూడా వారు అలాగే ఉంటారు.

ఇప్పుడు మిక్సీ సంగతి. ఇందులో మీ కింది ఇంటి పెద్దావిడ పక్షాన న్యాయం ఉంది, అది నేను మీకు దాపరికం లేకుండా చెప్పాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు నిశ్శబ్ద వేళ. కొన్ని భవనాలలో మధ్యాహ్నం 1 నుంచి 3 గంటల వరకు కూడా నియమావళిలో ఉంటుంది. పైగా స్టుట్‌గార్ట్ పడమటి భాగంలో 19వ శతాబ్దం చివరి నాటి ఇళ్లు చాలా మిగిలి ఉన్నాయి. వాటి అంతస్తుల మధ్య ఉండేది మన ఇళ్ల వంటి కాంక్రీటు స్లాబు కాదు, చెక్క దూలాలు. మిక్సీ ప్రకంపన ఆ దూలాల గుండా కింది గది కప్పు నుంచి నేరుగా వినిపిస్తుంది. మీకు వంటగదిలో చిన్న మోతగా అనిపించినది ఆవిడకు మంచం మీద పడుకున్నచోట తల మీద మోగినట్టుగా ఉండి ఉంటుంది. ఇడ్లీ పిండి, పచ్చడి రాత్రి 8 లోపల రుబ్బి పెట్టుకోండి, మిక్సీ కింద మందపాటి రబ్బరు పరుపు వేయండి, పాప ఆడుకునే గదిలో తివాచీ పరచండి. పగటిపూట పిల్లలు పరుగెత్తడం, నవ్వడం, ఏడవడం మాత్రం తప్పు కాదు. ఇంట్లో పిల్లల సహజమైన అల్లరిని ఇరుగుపొరుగు సహించవలసిందేనని న్యాయస్థానాలు సాధారణంగా భావిస్తాయి, ఆటస్థలాలలోనూ శిశు సంరక్షణ కేంద్రాలలోనూ వచ్చే పిల్లల శబ్దాన్ని హానికర శబ్దంగా లెక్కించరాదని 2011లో చట్టాన్నే సవరించారు. పాపను రోజంతా నోరు మూయించకండి.

చీటీ అంటించడం మీకు దొంగచాటు పనిగా అనిపించింది. ఎదురుగా వచ్చి చెప్పి ఇద్దరూ ఇబ్బంది పడటం కన్నా నాలుగు ముక్కలు రాసి పెట్టడం మేలని ఇక్కడ చాలామంది అనుకుంటారు. ఆవిడ ఇంటి యజమానికి ఫిర్యాదు చేయలేదు, మీకే చెప్పింది. ఆ తేడా పెద్దది. మీరు ముందుగా తట్టవలసిన తలుపు ఆవిడదే. క్షమించండి, మాకు వేళలు తెలియవు, ఇకపై 8 దాటాక మిక్సీ వేయము అని జర్మన్‌లో రాసుకున్న కాగితం చూసి చదివినా సరే, ఆ ఇంట్లో మీ గురించి ఏర్పడిన మొదటి అభిప్రాయం మారిపోతుంది. మీకు మొదటి అభిప్రాయాలు ఏర్పడినట్టే వారికీ ఏర్పడి ఉంటాయి కదా.

తాలింపు వేయడానికి భయపడవలసిన పని లేదు. రోజూ వంట చేసుకోవడం ఇంటిని మామూలుగా వాడుకోవడమే, దానిని ఎవరూ నిషేధించలేరు. అయితే ఎండుమిరపకాయల ఘాటు మెట్లదారిలోకి వెళితే అలవాటు లేనివారికి దగ్గు వస్తుంది, అది మనుషుల మీద అయిష్టం వల్ల వచ్చే దగ్గు కాదు. పొగ పోవాలని మనవారు చాలామంది వీధి తలుపు తీస్తారు, అది తీస్తే ఘాటంతా మెట్లదారిలో నిలిచిపోతుంది. వీధి తలుపు మూసి, వంటగది కిటికీని బార్లా ఐదు పది నిమిషాలు తెరిచి, మళ్లీ మూసేయండి. ఎంత చలిగా ఉన్నా రోజుకు రెండు మూడుసార్లు ఇలా గాలి మార్చడం వంటతో సంబంధం లేకుండా కూడా అవసరం, ఎందుకంటే అన్నం ఉడికిన ఆవిరి, ఆరవేసిన బట్టల తడి చల్లని గోడలకు పట్టి బూజు వస్తుంది. ఇల్లు ఖాళీ చేసేనాడు ఆ బూజుకు బాధ్యత ఎవరిదన్న తగాదా అద్దెకున్నవారి మెడకే చుట్టుకునే ప్రమాదం ఉంది. కిటికీని పైభాగం మాత్రం కొంచెం వాల్చి గంటల తరబడి వదిలేయడం వల్ల గాలి సరిగా మారదు, గోడలు మాత్రం చల్లబడతాయి.

ఆదివారపు నిశ్శబ్దం వెనక ఈ దేశపు చట్టమే ఉంది. ఆదివారం పని నుంచి విశ్రాంతి పొందే రోజుగా రక్షణ పొందుతుందని 1919 నాటి వైమర్ రాజ్యాంగం చెప్పింది, ఆ వాక్యాన్నే 1949లో ప్రస్తుత రాజ్యాంగంలోకి తీసుకున్నారు. అందుకే ఆ రోజు దుకాణాలు మూసి ఉంటాయి, గోడకు మేకు కొట్టకూడదు, ఖాళీ సీసాలను వీధి చివర గాజు సేకరించే డబ్బాలలో వేయకూడదు. మనుషులు మాత్రం ఎక్కడికీ మాయం కాలేదు. వారు అడవిలోనూ కొండల మీదా నడుస్తూ ఉంటారు. స్టుట్‌గార్ట్ కొండల మధ్య లోయలో ఉన్న ఊరు, నగరం నడిబొడ్డున కూడా ద్రాక్షతోటలు ఉన్నాయి, ఆ తోటల కోసం కట్టిన మెట్లదారులు 400కు పైగా ఉన్నాయి. వచ్చే ఆదివారం వాన లేకపోతే మధ్యాహ్నం వేళ మీవారితో, పాపతో కలిసి కార్ల్స్‌హోయె కొండకు వెళ్లండి. అది మీ వైపే ఉంది, పిల్లల ఆటస్థలమూ ఉంది. ఇంకొంచెం పడమటికి వెళితే బిర్కెన్‌కోఫ్ అనే 511 మీటర్ల కొండ ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిపోయిన ఇళ్ల శిథిలాలను 1953 నుంచి 1957 వరకు అక్కడికి తరలించి పోయడంతో ఆ కొండ దాదాపు 40 మీటర్లు పెరిగింది. శిఖరం మీద చెక్కడాలున్న రాళ్లు, పాత భవనాల ముఖద్వారాల ముక్కలు ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి. ఇంత చక్కగా సర్దుకుని, వేళకు ఊడ్చుకుని, కొంచెం బిగుసుకుని కనిపించే ఈ ఊరు ఒకప్పుడు ఏ స్థితి నుంచి లేచిందో అక్కడ నిలబడితే తెలుస్తుంది. వయసు మళ్లిన ఇరుగుపొరుగువారితో మాట కలపడానికి కూడా బిర్కెన్‌కోఫ్ చూసి వచ్చామన్న మాట కంటే మంచి ప్రారంభం నాకు తోచడం లేదు.

మీరు వచ్చింది నవంబరులో అన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏడాది మొత్తంలో ఈ ఊరిని మొదటిసారి చూడటానికి అంతకన్నా దిగులు నెల లేదు. సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకే చీకటి పడుతుంది, చెట్లు మోడువారి ఉంటాయి, చనిపోయినవారిని తలుచుకునే రోజులు కూడా ఆ నెలలోనే వస్తాయి. అదే వీధిలో జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర వరకు వెలుగు ఉంటుంది. అప్పుడు బల్లలు కాలిబాట మీదికి వస్తాయి, కిటికీలు తెరుచుకుంటాయి, పిల్లలు బయట ఆడతారు. ఒక్క నెల చూసి ఊరి స్వభావాన్ని తేల్చకండి. పైగా ఆ నెలలో మీరు చూసిన ఊరు మీ కిటికీలో నుంచి, మీ మెట్ల మీద నుంచి కనిపించినంత మేరే. బ్యాంకులో రోజంతా పదుగురితో మాట్లాడిన మనిషి ఉద్యోగం వదిలి, భాష రాని చోట పాపతో నాలుగు గోడల మధ్య ఉన్నప్పుడు ప్రతి చిన్న శబ్దమూ, ప్రతి చీటీ చాలా పెద్దవిగా కనిపించడం సహజం. మీ దిగులులో వీధికి చెందినది ఎంత, వదులుకున్న ఉద్యోగానికి చెందినది ఎంత అని విడదీసి చూసుకోండి. మీవారితో కూడా ఆ మాట విడమరిచి చెప్పండి.

ఇందుకు రెండు పనులు వెంటనే చేయవలసి ఉంది. మొదటిది పాపకు కీటాలో, అంటే శిశు సంరక్షణ కేంద్రంలో చోటు కోసం నమోదు చేయడం. ఆమె వయసు పిల్లలకు అది చట్టం ఇచ్చిన హక్కు అయినా ఈ నగరంలో చోట్లు తక్కువగా ఉంటాయి కనుక ఆలస్యం చేయకండి. పాప ఒక్కసారి అక్కడ చేరితే మీ జీవితం మారుతుంది. పిల్లల పుట్టినరోజులు, నవంబరు 11 నాటి లాంతర్ల ఊరేగింపు, సాయంత్రం ఆటస్థలంలో బెంచీ మీద కూర్చునే తల్లులు, ఇవన్నీ మన ఊళ్లో ఎదురింటివారు తెరిచే తలుపు వంటివే. రెండోది భాష. ఫోల్క్స్‌హోఖ్‌షూలె అనే ప్రజా విద్యాలయంలో మొదటి స్థాయి నుంచి తరగతులు ఉన్నాయి. చార్లొటెన్‌ప్లాట్స్‌లో ఉన్న నగర వెల్కమ్ సెంటర్‌లో కొత్తగా వచ్చినవారికి ఇంగ్లీషులో కూడా సలహా ఇస్తారు, ఉద్యోగం సంగతి కూడా అక్కడ అడగవచ్చు. మీవారిది బ్లూ కార్డు, అంటే ఉన్నత చదువున్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చే నివాస అనుమతి అయితే మీరు పనిచేయడానికి అడ్డు లేదు. ఈ స్టుట్‌గార్ట్‌లోనే 1814లో పుట్టిన హెర్మన్ గుండెర్ట్ మత ప్రచారకుడిగా మన దేశానికి వెళ్లి, కొంతకాలం మన చిత్తూరులో ఉండి, తరువాత తలశ్శేరిలో స్థిరపడి, ఇరుగుపొరుగు భాషను ఎంత శ్రద్ధగా నేర్చుకున్నారంటే 1872లో ఆయన వెలువరించిన మలయాళ నిఘంటువును మలయాళీలు నేటికీ గౌరవంగా తలుచుకుంటారు. మీకు అంత అవసరం లేదు, మెట్ల మీద నిలబడి వాతావరణం గురించి మాట్లాడగలిగితే చాలు.

ఇంకొక చిన్న విషయం, చాలామంది తెలుగు కుటుంబాలను ఇబ్బంది పెట్టేది. ఇక్కడ సాధారణంగా ఇళ్లకు ఫ్లాటు నంబర్లు ఉండవు, తపాలా పెట్టె మీది పేరు చూసి ఉత్తరం వేస్తారు. మీ పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉండి మీవారిది వేరే ఇంటిపేరైతే, పెట్టె మీదా తలుపు గంట పక్కనా రెండు పేర్లూ ఉండాలి. లేకపోతే మీ పేరు మీద వచ్చే ఉత్తరాలు వెనక్కి పోతాయి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పార్సెళ్లను పొరుగింట్లో ఇచ్చి పోవడం ఇక్కడి పద్ధతి. పగటిపూట మీరు ఇంట్లో ఉంటారు కాబట్టి పొరుగువారి పార్సెళ్లు తీసుకుని పెట్టండి. సాయంత్రం వారే మీ గంట మోగిస్తారు.

ఇంత చెప్పినంత మాత్రాన ఎదురైన ప్రతిదాన్నీ ఆచారభేదమని సర్దుకుపొమ్మని కాదు. శబ్దం గురించి, వేళ గురించి, చెత్త వేరు చేయడం గురించి అన్న మాట వేరు. మీ రంగు గురించి, దేశం గురించి, పాప గురించి అన్న మాట వేరు. రెండో రకానిది ఎదురైతే మౌనంగా భరించకండి. తేదీ, సమయం, అన్న మాటలు రాసి పెట్టుకోండి. ఇల్లు అద్దెకివ్వడంలో జాతి కారణంగా వివక్ష చూపకూడదని 2006 నాటి సమాన ఆదరణ చట్టం చెబుతోంది, సమాఖ్య ప్రభుత్వపు వివక్ష నిరోధక కార్యాలయం ఉచితంగా సలహా ఇస్తుంది. ఇంటి యజమానితో వచ్చే తగాదాలకు అద్దెదారుల సంఘం ఉంది, చందా కట్టి సభ్యులైతే న్యాయ సలహా దొరుకుతుంది. మీ ఉత్తరంలో రాసినంతవరకు ఈ రకం మాట ఎవరూ అన్నట్టు నాకు కనిపించలేదు. ఈ నగర జనాభాలో దాదాపు సగం మంది మూలాలు వేరే దేశాలలో ఉన్నాయి. 1955 తరువాత ఇటలీ నుంచి, ఆ పైన గ్రీసు, టర్కీ, యుగోస్లావియాల నుంచి కార్ఖానాలలో పనికి వచ్చినవారి పిల్లలు, మనుమలు ఇక్కడే ఉన్నారు. మీ మెట్లదారిలోని గంటల పక్కన ఉన్న పేర్లను తీరికగా చదివి చూడండి, ఈ కొత్తదనం అనుభవించిన కుటుంబం మీది ఒక్కటే కాదని తెలుస్తుంది.

ఇల్లు మారడం గురించి నా సలహా ఇది. బోబ్లింగెన్, జిండెల్‌ఫింగెన్ వైపు మనవారు ఎక్కువగా ఉన్నమాట నిజమే, ఆ సాంగత్యం కోరుకోవడంలో తప్పు లేదు. కానీ అక్కడి మెట్లదారులలో కూడా ఇదే వంతు బోర్డు, ఇదే నిశ్శబ్ద వేళ ఉంటాయి. ఇప్పుడు ఖాళీ చేయాలంటే మూడు నెలల ముందు తెలియజేయాలి, కొత్త ఇంటికి మూడు నెలల అద్దె వరకు అడ్వాన్సు ఇవ్వవలసి రావచ్చు, ఈ ప్రాంతంలో ఇల్లు దొరకడమే కష్టం. మనవారిని కలుసుకోవడానికి ఎస్1 రైలు ఉంది, వారాంతంలో బోబ్లింగెన్ వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. జూన్ నెలాఖరు వరకు ఇక్కడే ఉండండి. ఈలోగా పరిచయాలు చేసుకోండి, పాపను కీటాలో చేర్చండి, తరగతులలో చేరండి. మీవారు మాట తేల్చకపోవడానికి కారణం ఖర్చు కావచ్చు, కొత్త ఉద్యోగపు ఒత్తిడి కావచ్చు. జూన్‌లో ఇద్దరమూ కూర్చుని నిర్ణయిద్దామని ఇప్పుడే గడువు పెట్టుకుంటే ఆయనకూ ఊరట, మీకూ ఊరట. అమ్మగారితో అంతా బాగుందని చెప్పడం మానేయండి. మెట్లు ఊడ్చే వంతు గురించి, కింది ఇంటి పెద్దావిడ గురించి ఉన్నదున్నట్టు చెప్పండి. అమ్మగారు మీరు అనుకున్నంతగా కంగారు పడకపోవచ్చు, పైగా ఆ పెద్దావిడకు ఏం చేసి తీసుకువెళ్లాలో మీకన్నా బాగా చెప్పగలరు.

జూన్ తరువాత కూడా మారాలనే మీ ఇద్దరికీ అనిపిస్తే మళ్లీ రాయండి. పాపకు బడి వయసు వచ్చేలోపు ఏ వైపు చూసుకోవాలో, ఖాళీ చేసే నోటీసు ఎలా రాయాలో అప్పుడు వివరంగా చెబుతాను.